త్రాగువారు విడిచిన నీరు

క్రీ.శ. 1369వ సంవత్సరమున, నేటి కడప ప్రాంతమందలి పోరుమామిళ్లలో, విజయనగర రాజకుమారుడును భవదూరుడను నామాంతరము గలవాడునగు భాస్కరుడు ఒక మహాతటాకమును నిర్మించి, వేయిమంది పనివారును నూరు బండ్లును రెండేండ్లు శ్రమింపగా అది సిద్ధించిన విధమును శిలాశాసనమున వ్రాయించుచు, అంతటితో తృప్తినొందక, మంచి చెరువునకు వలయు పండ్రెండు అంగములను, కూడని ఆరు దోషములను గూడ సంస్కృతమున చెక్కించిపోయెను. నీటిశాస్త్ర మెరిగిన విద్వాంసుడు, గట్టి నేల, తీయని నీరు గల యేరు, ఆ యేటి నడ్డగించుటకు అనువైన కొండ, దృఢమైన రాతికట్ట మొదలగునవి అంగములు. కట్టనుండి నీరూరుట, నేల చవుడగుట, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, నడుమ మిట్ట లేచియుండుట, నీరు కొంచెమై నేల విస్తారమగుట, నీరు మిక్కుటమై నేల కొంచెమగుట, ఇవి దోషములు. శాసనకర్త ఎంతటి దూరదర్శియైనను, చెరువు చెత్తతో నిండుట యను ఏడవ దోషమొకటి యుండగలదని ఆయనకు తోచలేదు. ఆ కాలమున మనుష్యుని చేతినుండి జారిన వస్తువేదియు నీటిని జయింపజాలినది కాదు. ఆకు కుళ్లి ఒండ్రుమట్టియయ్యెడిది, తాడు చీకిపోయెడిది, పగిలిన కుండపెంకు సైతము మట్టినుండి వచ్చి మట్టియందే ఒదిగెడిది.

ఇదియొక కారణము. అంతకన్న బలవత్తరమైన కారణము మరియొకటి కలదు. చెరువునకు కాపరులుండిరి. తెలుగునాట, విశేషించి కాకతీయులు రామప్ప, పాకాల, లక్నవరము మున్నగు జలాశయములను వెలయించిన తెలంగాణమున, చెరువనునది కట్టయు తూమును మత్తడియు మాత్రమే కాదు. దానితో కొందరు మనుష్యులును చేరియుండిరి. తూము తెరచుటకును మూయుటకును, ఏ మడికి ఎంత నీరు పారవలయునో చూచుటకును, వానకాలపు రాత్రులందు కట్టమీద తిరిగి గండి పడకుండ కాచుటకును నీరటి యుండెడివాడు. చెరువు త్రవ్వించినవారికిని మరమ్మతు చేయించినవారికిని దశబంధమను పేర మాన్యము లభించుచుండెను. ఎండకాలమున చెరువడుగున తేలిన ఒండ్రును బండ్లకెత్తి పొలములకు తోలుకొనిపోవుట రైతునకు లాభము, చెరువునకు పూడికతీత. ఈ యేర్పాటు నంతటిని స్వర్ణయుగమని పొగడుట నా అభిమతము గాదు. నీటి నిర్మలత పేరిట ఊరిలో సగముమందిని నీటి దరికి రానీయని క్రౌర్యము ఆ చెరువుగట్టుననే వర్ధిల్లెను. రేయింబవళ్లు కట్టను కాచిన నీరటియే పలుచోట్ల ఆ నీటిని ముట్టరాదనబడిన కులమువాడు. 1927లో మహారాష్ట్రమందలి మహాడ్‌లో అంబేడ్కరు వేలమందితో కూడి చవుదారు చెరువు నీటిని దోసిట త్రాగవలసివచ్చినది ఈ అన్యాయము నెదిరించుటకే. ఐనను ఒక్కమాట సత్యము. చెరువును కాచినది ఎవరనగా దానిని త్రాగువారు, దానివలన పంట పండించుకొనువారు. ఆ బంధము తెగినచోట చెరువునకు దిక్కు లేకపోయినది. ప్లాస్టిక్కు ఆ తరువాత వచ్చినది. ఈ పూర్వాపరములను గుర్తింపక, నేటి జలమాలిన్యమునకు ఒక్క ప్లాస్టిక్కునే దోషిగా నిలబెట్టువారు చరిత్రలో సగమును విడిచిపెట్టుచున్నారు. హైదరాబాదు నగరపు నీటి కథను సాంతముగా చదివినవారికి ఈ విషయము విశదమగును.

చార్మినారునకంటె హుస్సేన్‌సాగరము పెద్దది, అనగా వయస్సున. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ యను సూఫీ మహనీయుని పర్యవేక్షణమున ఆ తటాకమును కట్టించిరి. అప్పటికి హైదరాబాదు లేదు. గోలకొండ కోటయు దాని చుట్టుపట్ల పల్లెలును ఉండెను. మూసీనది నుండి బల్కాపురపు కాలువ ద్వారా నీరు తెచ్చి దీనిని నింపిరి. అనగా నేడు మురుగు మోసుకొనివచ్చు నాలాగా నగరవాసులెరిగిన బల్కాపూరు నాలా, పుట్టుకచేత, సాగరమునకు తేటనీటిని తెచ్చుటకై త్రవ్విన కాలువ. 1578లో మూసీపై పురానాపూల్ వెలసెను. 1591లో నగరము వెలసెను. మూసీయో, అనంతగిరి కొండలలో వికారాబాదు చేరువ పుట్టి, తూర్పుగా ప్రవహించి, నగరము నడుమనుండి సాగి, నల్లగొండ సీమలో వాడపల్లియొద్ద కృష్ణలో కలియు, రమారమి 240 కిలోమీటర్ల నది. ముచుకుందయని దానికి పూర్వనామము. మూడువందల యేండ్లకు పైగా నగరమును నదియు సాగరమును ఒకదానినొకటి ఎరిగి బ్రతికినవి.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఆ యెరుక తెగిపోయినది. ఆనాటి వరదకు సుమారు పదునైదు వేలమంది ప్రాణములు కోల్పోయిరని అంచనా. అఫ్జల్‌గంజిలో నేటికిని నిలిచియున్న చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు బ్రతికిరని చెప్పుదురు. మరుసటి యేడు నిజాము ప్రభుత్వాహ్వానమున వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నదీ పరీవాహక ప్రదేశమును పరిశోధించి, 860 చదరపు మైళ్ల యా భూమిలో 788 చెరువులు కలవనియు, అందు 221 చెరువులు తెగిపోవుటచే వరద మరింత ఉద్ధృతమైనదనియు తేల్చిరి. చదరపు మైలునకు ఇంచుమించు ఒక చెరువు! ఈ సంఖ్యను చదివినపుడెల్ల, ఆ సీమలో నీటినెంత ఓపికతో మెట్టుమెట్టుగా ఆపి వాడుకొనిరో తలపునకు వచ్చి, నేడందు ఎన్ని చెరువుల పేర్లు కేవలము బస్తీల పేర్లుగా మిగిలెనో యను చింత కలుగక మానదు. విశ్వేశ్వరయ్యగారి యోచన ననుసరించి, నగరమునకు పడమట మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, దాని యుపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. వరద భయము తీరుటయే కాక నగరమునకు గొట్టముల ద్వారా శుద్ధజలము లభించెను. గండిపేట చెరువని వ్యవహరింపబడు ఆ ఉస్మాన్‌సాగరపు నీటి రుచిని తరతరముల హైదరాబాదువారు గర్వముతో చెప్పుకొనిరి.

ఆ మహత్కార్యమునకు చేతులెత్తి నమస్కరింపవలసినదే. దానివెంట వచ్చిన మరియొక ఫలమును గూడ చరిత్రకారుడు చెప్పక తప్పదు. గండిపేట నీరు ఇంటింటికి వచ్చిన పిదప హుస్సేన్‌సాగరమును త్రాగవలసిన యవసరము తీరిపోయెను. 1930 ప్రాంతమునకు అది త్రాగునీటి తటాకముగా నుండుట మానెను. అటులే, వరదను మీదనే బంధించినందున నగర మధ్యమున మూసీ సన్నని పాయయై, ఆ పాయలోనికి వీథుల మురుగు దిగుటకు సంకోచించువారు లేకపోయిరి. నగరము పెరిగినకొలది దూరదూరముల నదులను ఇంటికి రప్పించుకొనెను. 1965లో మంజీర, ఆ తరువాత సింగూరు, 2004లో నూరు కిలోమీటర్లకు పైగా ఆవలనున్న నాగార్జునసాగరమునుండి కృష్ణ, 2015లో ఇంకను దూరమునుండి గోదావరి వచ్చినవి. దూరపు నీరు వచ్చిన ప్రతిపర్యాయము దగ్గరి నీరు ఒకమెట్టు దిగజారెను. ఇందుకు ప్రతికూల నిదర్శనమును ఇక్కడనే కలదు. ఉస్మాన్‌సాగర హిమాయత్‌సాగరములు త్రాగునీటివి గనుక, వాని పరీవాహక భూమిలో కర్మాగారములను నిషేధించుచు 1996లో 111వ నంబరు ప్రభుత్వపు ఉత్తరువు వెలువడెను. ఒక నూనెల పరిశ్రమ యచ్చట వెలయరాదని వాదము సుప్రీంకోర్టు వరకు పోయి, ఆ న్యాయస్థానము జలాశయముల పక్షమే నిలిచెను. నగరమునకు నేడానీటి యవసరము తగ్గినదన్న కారణముతోనే 2022లో ఆ కట్టుబాటును సడలించిరి. త్రాగువారుండు నీటికి చట్టమొకటి, త్రాగువారు లేని నీటికి చట్టమొకటి యని దీనివలన స్పష్టమగుటలేదా?

హుస్సేన్‌సాగరము సంగతి అంతకు ముందే ముగిసెను. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూరు నాలా యను నాలుగును దానిలోనికి దిగును. అందు పెద్దదియగు కూకట్‌పల్లి నాలాకు ఎగువను సనత్‌నగరు, బాలానగరు, జీడిమెట్ల పారిశ్రామికవాడలు లేచెను. వాని రసాయన జలము, వానిచుట్టు వెలసిన బస్తీల మురుగును కలిసి, ఒకప్పుడు పడవపందెములకును వెన్నెల షికార్లకును నెలవైన తటాకమును దుర్గంధభూయిష్ఠము గావించెను. ఒక్క సంగతి గమనింపవలెను. ఇదంతయు జరుగునాటికి వీథిలో పాలిథీను సంచి ఇంకను అరుదు. సాగరము ముందు అనాథయయ్యెను. అటుపిమ్మటనే దానిపై ప్లాస్టిక్కు దండెత్తెను.

ఇక ఆ ప్లాస్టిక్కు రాకమునుపు తెలుగువాని చేతిలో నేమి యుండెనో కొంత నిలిచి చూడవలెను. అంగటివాడు పప్పుబెల్లములను పాతకాగితమున పొట్లముగట్టి, పురికొస చుట్టి, కొసను పంటితో తెంచి యిచ్చెడివాడు. సంతకు పోవువాడు గుడ్డసంచి చంకను పెట్టుకొనియే బయలుదేరెడివాడు. నూనెకు సీసా, పాలకు చెంబు, మజ్జిగకు ముంత ఇంటినుండియే తీసికొనిపోవుట మర్యాద. మాంసము మోదుగాకున, పూలు అరటాకున, మిఠాయి దొప్పలో వచ్చెడివి. పెండ్లియైనచో తెలంగాణమున మోదుగ విస్తళ్లు, మన్యపు కొండలనుండి దిగు అడ్డాకు విస్తళ్లు, కోస్తాలో అరటాకులు; భోజనానంతరము వానిని మడచి పెరటిగోడ కవతల పారవేసినచో పశువులు తినగా మిగిలినది పెంటకుప్పలో ఎరువయ్యెడిది. ఈ విసరివేయుట యనునది మన జాతి యందలి దుర్గుణమని నేడు కొందరు మందలించుచుందురు. నేనందుకు అంగీకరింపను. వేలయేండ్లుగా విసరివేయుట నేలకు తిండి పెట్టుటయై యుండెను. మోదుగాకును విసరిన చేయి ఏ పాపము నెరుగదు. ఆ చేతిలోనికి, ఒక తరము గడవకముందే, చావెరుగని పదార్థమును పెట్టినవారెవరు, దానిని తిరిగి పుచ్చుకొను నేర్పాటు లేకుండ అమ్ముకొన్నవారెవరు, అని విచారించుట న్యాయము.

ఆ పదార్థపు పుట్టుక విదేశములలోనిది. 1907లో బేక్‌లాండు కనిపెట్టిన బేకలైటు పూర్తిగా కృత్రిమమైన తొలి ప్లాస్టిక్కు. విద్యుత్ స్విచ్చులకును రేడియో పెట్టెలకును అది పనికివచ్చెను. మన కథకు నాయకమైన పాలిథీను 1933లో ఇంగ్లండున విన్నింగ్‌టన్‌లోని ఒక రసాయన కర్మాగారమున, ఫాసెట్టు, గిబ్సను అను నిరువురు వేరొక ప్రయోగము చేయుచుండగా, పాత్రలో తెల్లని మైనమువలె మిగిలి యాదృచ్ఛికముగా బయల్పడెను. రెండవ ప్రపంచయుద్ధమున రాడారు తీగెలకు తొడుగై అది రహస్యవస్తువుగా నుండెను. యుద్ధము ముగిసిన పిదప దానికి పని కల్పింపవలసి వచ్చెను. 1965లో స్వీడనుదేశమున స్టెన్ గుస్తాఫ్ థూలిన్ అను నతడు, ఒకే గొట్టపు పొరను మడచి, అతికి, కత్తిరించి, రెండు పిడులతో సంచియగునట్లు చేయు విధానమునకు హక్కు పొందెను. 1973లో అమెరికాలో నతానియేలు వైయెత్ పేర పెట్ సీసా వెలువడెను. మన దేశమున 1969లో ప్రభుత్వమే బరోడాలో పెట్రోరసాయన సంస్థను స్థాపించి, 1978 నాటికి మహాకర్మాగారమును నడపనారంభించెను. స్వావలంబనమునకై తలపెట్టిన యా పనిని నిందింపరాదు. పొలమునకు గొట్టములు, ఆసుపత్రికి రక్తపు సంచులు, బీదవానికి తేలికైన బిందె, ఇవన్నియు దాని వరములే. ఇత్తడి బిందె మోసి నడుము వంగిన స్త్రీ ప్లాస్టిక్కు బిందెను చూచి సంతోషించినదనిన, ఆమె సంతోషమును కాదనుటకు మనమెవ్వరము? ఆ బిందె పదేండ్లు వాడుకలో నుండును. చెరువును ముంచినది పదినిమిషములు వాడి పారవేయు వస్తువు.

అట్టివి మన వీథిలోనికి ఒక్కొక్కటిగా దిగెను. సీసాలలో పంచిన పాలు ప్యాకెట్టులోనికి మారెను. 1980 దశకమున రూపాయి లోపు ధరకు షాంపూ ప్యాకెట్టు వచ్చెను. దాని వెనువెంటనే పొగాకు, వక్కపొడి, కాఫీపొడి, సబ్బుపొడి అన్నియు పొట్టి ప్యాకెట్లయి కిరాణాకొట్టు ముంగిట దండలుగా వ్రేలాడెను. పేదవాడు ఒకపూట కూలితో ఒకపూటకు సరిపడు వస్తువును కొనగలిగెను గాని, ఆ ప్యాకెట్టు రెండుమూడు పదార్థముల పొరలు అతుకుకొన్నదగుటచే మరల కరగించి వాడుట కసాధ్యమై, పాత సామాన్లవాడు దానివంక కన్నెత్తియైన చూడడు. కూరగాయల బండిపై గుడ్డసంచికి మారుగా పలుచని కవరు వచ్చెను. తుదకు నీరే కవరులోనికెక్కెను. బస్టాండులలో, పెండ్లి పందిళ్లలో, ఎన్నికల సభలలో, కల్లు దుకాణముల చెంత నీళ్ల ప్యాకెట్టు తెలుగుదేశమంతట వ్యాపించినది. మూలను పంటితో కొరికి, నాలుగు గుక్కలు త్రాగి, విడిచిన యా పొర కాలువలోబడి, కాలువ నాలాలోబడి, నాలా సాగరమున పడును. త్రాగుటకు తగిన చెరువొకటి చెంతనుండగా దానిని చెరుపుకొని, కొనితెచ్చుకొన్న నీటి తొడుగుతో దానినే మరల నింపుట కన్న విషాదమేమి కలదు?

పండుగలును మారినవి. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలను తాంబాళమున పేర్చి, ఆడి పాడి, చెరువున విడుచు బతుకమ్మ వంటి పండుగ, నీటిని పూజించు మార్గములలో మిక్కిలి నిర్మలమైనది; పూలు నీటికిపోవును, తాంబాళము ఇంటికి వచ్చును. వినాయకచవితియు నట్టిదే; చెరువు మట్టితోనే ప్రతిమను చేసి, పత్రితో పూజించి, చెరువునకే మరల నప్పగించుట. 1954లో ఖైరతాబాదున ఒక్క అడుగు ప్రతిమతో నారంభమైన సామూహిక పూజ ఏటేట నొక్కొక్క యడుగు పెరిగి 2014 నాటికి అరువదడుగులు తాకెను. నగరమందలి వేలాది మంటపములనుండి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహములు, వానివెంట థర్మాకోలు తోరణములు, కృత్రిమ పుష్పములు, తళుకుకాగితములు సాగరమున దిగినవి. నిమజ్జనపు మరునాడు క్రేన్లతో ఎత్తి తీసినదెంతయైనను, అడుగున చేరినది చేరియే యుండును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 నాటి నిబంధనలలో ప్రతిమలకు ప్లాస్టర్ ఆఫ్ పారిసును, ప్లాస్టిక్కును, థర్మాకోలును నిషేధించెను. 2022లో ఖైరతాబాదు గణపతియే మట్టిప్రతిమయై వెలసెను. భక్తికి భంగమేమియు కలుగలేదు.

మంచినీటి తటాకమున ప్లాస్టిక్కు ప్రవర్తనము సముద్రమందువలె నుండదు. పాలిథీను నీటికంటె తేలిక. తేలుచు గట్టుచేరి, గుర్రపుడెక్క వేళ్లలో చిక్కుకొని, ఎండకు పెళుసెక్కి చిట్లును. పెట్ నీటికంటె బరువు. చిరిగిన పెట్ ముక్క మునుగును. తేలినదానికి సైతము నాచుపట్టి బరువెక్కి అడుగునకు దిగును. నదికి ప్రవాహము కలదు గనుక కొంత ముందునకు త్రోయగలదు. చెరువున కట్టి మార్గము లేదు. మత్తడి దూకిననాడు తప్ప వచ్చినది వచ్చినట్లే ఒండ్రున పొరలుపొరలుగా పేరుకొనును. ఆ ముక్కలు అయిదు మిల్లీమీటర్లకు లోబడినచో శాస్త్రజ్ఞులు సూక్ష్మప్లాస్టిక్కులందురు. 2004లో రిచర్డు థాంసను ప్రభృతులు సముద్రతీరపు ఇసుకలో వీనిని చూపినపుడు లోకము సముద్రమునుగూర్చి కలవరపడెనే గాని, మంచినీటి వంక ఆలస్యముగా దృష్టి సారించెను. అమెరికాలోని మహాసరస్సులలో, ముఖము కడుగు లేపనములనుండి వచ్చిన సూక్ష్మగోళములు లభించిన పిదప 2015లో ఆ దేశము వానిని నిషేధించుచు చట్టము చేసెను. జనసంచారము మిక్కిలి తక్కువైన మంగోలియా దేశపు హోవ్‌స్గోల్ సరస్సునను ఇవి కలవని 2014లో వెల్లడించిరి. మన కేరళమందలి వేంబనాడు సరస్సు అడుగుమట్టిలో నివి యుండుట 2017లో ప్రకటితమైనది. ఉతికిన ప్రతి నైలాను చీరనుండియు, పాలియెస్టరు చొక్కానుండియు సన్నని పోగులు రాలి మురుగుతో కలియుచున్నవి. వానిని క్రేనులెత్తజాలవు.

చట్టముల కథ వేగముగా చెప్పవచ్చును, ఏలయన అది ఇంచుమించు మందముల కథయే. 1999లో కేంద్రప్రభుత్వము 20 మైక్రానులకంటె పలుచని సంచులను కూడదనెను. 2011లో ఆ హద్దు 40కి, 2016లో 50కి, 2021లో 75కి, 2022 చివరకు 120కి పెరిగెను. మందమెక్కువైనచో వెల పెరిగి వాడుక తగ్గుననియు, చెత్త యేరుకొనువారికి గిట్టుబాటగుననియు ఆశ. 2022 జూలై 1వ తేదీనుండి గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు మున్నగు ఒక్కసారి వాడు వస్తువులు కొన్ని నిషిద్ధములైనవి. పొరుగుననున్న బంగ్లాదేశము, పలుచని సంచులు కాలువలనడ్డి వరదలను పెంచినవని గ్రహించి, 2002లోనే వానిని పూర్తిగా నిషేధించెను. మన నిబంధనలలో బహుపొరల ప్యాకెట్టును ఉత్పత్తిదారుడే తిరిగి సేకరింపవలెనన్న మాట కలదు; ఆ మాట నిజముగా చెల్లిననాడు నాలా సగము తేలికపడునని నా నమ్మకము. నేటికి మాత్రము ఆ భారము, మూటను వీపునవేసికొని పెట్ సీసాలను, పాల ప్యాకెట్లను ఏరుకొను బీద స్త్రీపురుషులమీదనే యున్నది. వెలగల ప్లాస్టిక్కును వారు తీసివేయుచున్నారు గనుకనే మన సాగరములు ఇంకను నీటివలె కనబడుచున్నవి. నీరటికి రాజులు మాన్యమిచ్చిరి. ఈ క్రొత్త నీరటులకు మనమేమియు నీయలేదు.

నగరము దాటిన మూసీని ఎవరో కాని తలచుకొనరు. నాగోలు దిగువను నదికి అడ్డముగా పూర్వులు కట్టిన చిన్నచిన్న ఆనకట్టలను అచ్చటివారు కత్వలందురు. ఒక్కొక్క కత్వనుండి కాలువ చీలి చెరువులను నింపి మాగాణమును తడుపును. వేసవిలోను ఎండని మురుగుప్రవాహము వచ్చుటచే నచ్చటి రైతులు వరియు, పాడిపశువులకై పారాగడ్డియు పండించుచున్నారు. ఆ కత్వలకడ నురుగు కొండలై లేచుటయు, ఆ నురుగులో కవర్లు, సీసాలు, చెప్పులు, మందు డబ్బాలు గుమిగూడుటయు ఏ వానకాలమునందైనను చూడవచ్చును. నగరవాసి చేతినుండి జారినది అచ్చటి రైతు చేతితో తూమునుండి పెరికి తీయవలెను. పెరికినదానిని ఎక్కడ వేయును? గట్టుననే. మరల వరదలో నది దానిని పుచ్చుకొనును. 1963లో పూర్తియైన సోలిపేట మూసీ ప్రాజెక్టు ఈ సరకునంతటిని కొంతకాలము నిలిపి, గేట్లెత్తినపుడు ముందునకు పంపును.

వాడపల్లియొద్ద మూసీ కృష్ణలో కలియును. ఆ సంగమమున ప్రాచీన దేవాలయములు కలవు, యాత్రికులు స్నానమాడుదురు. నాగార్జునసాగరమునుండి హైదరాబాదు తెచ్చుకొన్న కృష్ణాజలము, నగరపు కుళాయిలలో పారి, మురుగై, మూసీయై, అదే కృష్ణకు ఆనకట్టకు దిగువను తిరిగి చేరుట యిచ్చటనే. అటుపైని పులిచింతల జలాశయము. అటుపైని విజయవాడయందు, 1855లో పూర్తియైన పాత ఆనకట్టకు మారుగా 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజి. అచ్చటనుండి నీరు విజయవాడ కుళాయిలకును, బందరు, ఏలూరు, రైవసు కాలువలకును పోవును. ఆ కాలువలును విజయవాడ నగరములో తమవంతు కవర్లను మూటగట్టుకొని డెల్టాలోనికి దిగును. కాలువలు కట్టివేయు వేసవికి ముందు కృష్ణాడెల్టా గ్రామములవారు ఆ నీటితోనే తమ మంచినీళ్ల చెరువులను నింపుకొందురు. అచ్చటి నేలలో పలుచోట్ల బావినీరు ఉప్పు. ఆ చెరువే వారికి ఆధారము. పశువులను దిగనీయరు, బట్టలుతుకనీయరు, చుట్టు కంచె వేయుదురు. కాలువ తూమునకు వలగట్టి, నీరు పెట్టు రాత్రులందు ఒకరిద్దరు మేలుకొని, ఆ వలలో చిక్కిన కవర్లను చేతితో తీసి గట్టునవేయుచుందురు.